ఊపిరి డబ్బాలో రబ్బరు బిళ్ళ

ఇరిగేషన్ వాళ్ళకు రెగ్యులేటర్ అంటే కాలవకు అడ్డంగా కట్టి, షట్టర్లు దించి నీళ్ళు మళ్ళించే కట్టడం. ఇంట్లో ఆడవాళ్ళకు రెగ్యులేటర్ అంటే ఫ్యాను వేగం తగ్గించే గుండ్రటి మీట. నేను ఉద్యోగంలో చాలా ఏళ్ళు ఈ రెండూ కాని మూడో రెగ్యులేటర్‌తో గడిపాను. నీటి అడుగుకు దిగే మనిషికి, వీపున కట్టిన సిలిండర్లోంచి గాలి అందించేది అది. తెనాలి వర్క్‌షాపులో అప్పటికే ఆ పేరుతో సరిపడా గొడవ ఉంది కాబట్టి దాన్ని అందరం ఊపిరి డబ్బా అనేవాళ్ళం.

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరొకాయన మా ఇంటికి వచ్చి, పాత డైవింగ్ సెట్టు ఒకటి సంపాదించానని, తనే విప్పి బాగుచేసుకుని సముద్రంలో దిగాలనుందని, ఎలా చెయ్యాలో చెప్పమని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టి, సగంలో అలసిపోయి, ఇంకోసారి రమ్మన్నాను. ఆయన మళ్ళీ రాలేదు. ఆయనకు చెప్పకుండా మిగిలిపోయిన సగం ఇది.

ఆ డబ్బా మా దగ్గరికి అరవైల చివర్లో వచ్చింది. ఎగువన ఎక్కడో డ్యాము పని పూర్తయ్యాక మిగిలిన సామానంతా తలా ఒక ఆఫీసుకూ పంచితే, మా వంతుకు రెండు సిలిండర్లు, గాలి నింపే కంప్రెసర్, ఈ డబ్బా వచ్చాయి. ఇత్తడి డబ్బా, అన్నం తినే పళ్ళెంలో సగం ఉంటుంది. మెడ వెనక సిలిండరు మీద కూర్చుంటుంది. దానికి రెండు పక్కలా ముడతల రబ్బరు గొట్టాలు భుజాల మీదుగా వచ్చి నోటి దగ్గర కలుస్తాయి. లోపల ఒక పల్చటి రబ్బరు బిళ్ళ. మనిషి పీల్చినప్పుడు ఆ బిళ్ళ లోపలికి కుంగి మీటను నొక్కుతుంది, మీట వాల్వును తెరుస్తుంది, గాలి వస్తుంది. బిళ్ళకు ఒక వైపు మనిషి ఊపిరి, రెండో వైపు కాలవ నీళ్ళు. మధ్యలో ఆ రబ్బరే.

నేను పంపుల ఫిట్టర్ని. మా ఫోర్‌మన్ గారింట్లో గోడ గడియారం ఒకసారి బాగుచేసిన పుణ్యానికి "చిన్న సామాను నీ చేతికి లొంగుతుందిలే" అని ఆ పని నాకు అంటగట్టారు. డబ్బాతోపాటు డైవరు కూడా బదిలీ మీద వచ్చాడు. బాపట్ల పక్క పల్లెటూరివాడు. లూథరన్ కుటుంబం. భార్య అక్కడే మిషన్ బడిలో టీచరు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎవరేం అడిగినా "అట్లాగేనండి" అనడం తప్ప ఇంకో మాట రాదు. నాకంటే ఐదారేళ్ళు పెద్ద కాబట్టి అన్నా అనేవాణ్ణి.

అట్లాగేనండి మనిషే గాని, మొదటి రోజే నాకొక షరతు పెట్టాడు.

"ఎవరు బిగించారో వాళ్ళే ముందు పీల్చాలి తమ్ముడూ. నేను పీల్చేది ఆ తర్వాతే."

"నేను ఫిట్టర్నన్నా. డైవర్ని కాదుగా."

"నేనూ ఫిట్టర్ని కాదుగా."

వర్క్‌షాపు వెనక కాలవలో నన్ను కూర్చోబెట్టి, తల నీళ్ళలో ముంచి, భుజం మీద చెయ్యి వేసి ఉంచాడు. వేమూరు పక్కన కాలవల్లో ఈదుతూ పెరిగినవాణ్ణే. కానీ నీళ్ళ కింద ఊపిరి తీసుకోమంటే ఒళ్ళు ఒప్పుకోలేదు. రెండుసార్లు ఉక్కిరిబిక్కిరై లేచాను. మూడోసారి గాలి వచ్చింది. చల్లగా, ఇత్తడి వాసనతో. బుడగలు మెడ వెనక నుంచి గలగలమని పోతున్నాయి. లేచేసరికి నేను నవ్వుతున్నానని అతనే చెప్పాడు. అప్పటినుంచి ప్రతిసారీ బిగించడం, నీళ్ళలో కూర్చుని పీల్చి చూడటం, తర్వాత అతనికి ఇవ్వడం. అతను కళ్ళు మూసుకుని కాసేపు ప్రార్థన చేసుకుని దిగేవాడు.

విడిభాగాల కోసం మేం పెట్టిన ఇండెంట్లకు దిగుమతి లేదన్న జవాబే వచ్చేది. తర్వాత్తర్వాత అదీ రావడం మానేసింది. చిలుము పట్టిన ఇత్తడిని చింతపండు పులుసులో నానబెట్టి, వాననీళ్ళతో కడిగేవాణ్ణి. నూనె మాత్రం ఎక్కడా తగలనిచ్చేవాణ్ణి కాదు. ఎక్కువ ఒత్తిడి గాలి ఉన్నచోట నూనె ప్రమాదం. అదొక్కటీ సెట్టుతో వచ్చిన పుస్తకంలో ఎర్ర అక్షరాలతో ఉంది. వదిలిన గాలి బయటికి పోయే మెత్తటి రబ్బరు మూతి చిరిగిపోతే ఫుట్‌బాల్ బ్లాడరు మూతి కోసి పెట్టాను. కొత్తదానికంటే అదే బాగుందన్నాడు అన్న. అసలు తంటా లోపలి బిళ్ళతో వచ్చింది. లారీ ట్యూబు మందం ఎక్కువై పీల్చలేకపోయాడు. సైకిల్ ట్యూబు వెడల్పు చాల్లేదు. చివరికి బాపట్లలో అతని భార్యకు తెలిసిన ఒక నర్సమ్మ, ఆస్పత్రి మంచాల మీద పరిచే పల్చటి రబ్బరు షీటు ముక్క ఇచ్చింది.

"దేనికండీ ఇది?" అని అడిగింది.

"ఈయన ఊపిరి కోసమండి" అని పక్కనున్న అన్నను చూపించాను.

"ఊపిరందకపోతే ఇటు తీసుకురండి, డాక్టరు గారున్నారు" అని నవ్వింది.

ఆ ముక్కలోంచి రెండు బిళ్ళలు కోశాను. ఒకటి డబ్బాలో పెట్టి, రెండోది పౌడరు చల్లి, సబ్బు పెట్టెలో దాచాను. స్పేరు ఉందన్న ధైర్యంతో కొన్నేళ్ళు నిశ్చింతగా గడిచాయి. అన్న మునిగిన పడవలకు తాళ్ళు కట్టాడు. లాకుల కింద చీలికలు చేత్తో తడిమి చెప్పాడు. కాలవలో పోయినవాళ్ళ శవాలు తీశాడు. శవాలు తీసిన రోజు ఇద్దరం తెనాలి స్టేషను దగ్గర టీ తాగి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళం.

ఇక ఆ రోజు.

డెబ్బైల మొదట్లో, వరి వెన్ను తీసే కాలంలో వదలకుండా వాన పట్టింది. రేపల్లెకు దిగువన, సముద్రం వైపు పోయే మురుగు కాలవ మీద ఒక తూము ఉంది. పోటు వచ్చినప్పుడు షట్టరు దించి ఉప్పునీరు ఆపాలి, పాటుకు ఎత్తి చేల నీళ్ళు వదలాలి. ఆ రోజు షట్టరు ఎత్తబోతే కదల్లేదు. ఏదో మొద్దు కొట్టుకొచ్చి అడుగున ఇరుక్కుంది. ఎగువన చేలల్లో నీళ్ళు మోకాళ్ళు దాటి నడుముకు వస్తున్నాయి. మమ్మల్ని జీపులో తీసుకెళ్ళేసరికి కట్ట పొడుగునా జనం. గోనెపట్టాలు తలకు కప్పుకుని నిలబడి ఉన్నారు. సెక్షన్ ఇంజనీరు గారు కొత్తవాడు. గొడుగు ఉన్నా వేసుకోవడం మరిచిపోయి తడుస్తున్నాడు. చెడ్డవాడు కాదు. ఆ జనమంతా ఆయన మొహమే చూస్తున్నారు, అంతే.

అన్నకు అప్పటికి వారం నుంచి జలుబు. ముక్కు చీదుకుంటూనే ఉన్నాడు. వద్దని అనలేదు. ఎప్పుడన్నాడు గనక.

డబ్బా నేను ముందే బిగించి ఉంచాను. అలవాటు ప్రకారం తూము పక్కన ఒడ్డున నీళ్ళలో కూర్చుని పీల్చాను. రెండు మూడు ఊపిర్లకే నోట్లోకి నీళ్ళు వచ్చాయి. బయటికి వచ్చి సిలిండరు వాల్వు కట్టేసి మళ్ళీ పీల్చి చూశాను. గాలి కట్టేసి పీలిస్తే ఏమీ రాకూడదు, బుగ్గలు లోపలికి పోవాలి. సన్నగా, దారంలా గాలి వస్తోంది. అంటే ఎక్కడో కంత ఉంది. జీపు వెనక టార్పాలిన్ కింద కూర్చుని విప్పాను. బిళ్ళ మధ్యలో ఉండే రేకు అంచు వెంట అర్ధచంద్రంలా చిరిగింది.

సబ్బు పెట్టెలోంచి స్పేరు తీసి వేశాను. పీలిస్తే ఆగింది. బుగ్గలు లోపలికి పోయాయి. నా పక్కన వంగి చూస్తున్న ఇంజనీరు గారు "హమ్మయ్య" అన్నారు.

నాకెందుకో మనసు ఒప్పలేదు. మళ్ళీ విప్పి, బిళ్ళను రెండు వేళ్ళతో సాగదీశాను. అంచు చుట్టూ సన్నటి గీతలు. ఎండిన చెరువు మట్టిలా. ఒకే షీటులోంచి కోసిన రెండు ముక్కలూ ఒకేసారి ముసలివయ్యాయి. ఒకటి పనిచేసి, ఒకటి పెట్టెలో పడుకుని. స్పేరు అనుకుని ఇన్నేళ్ళూ నేను దాచింది ఈ ముక్కనే.

"ఇది వద్దండి" అన్నాను.

"ఏంటయ్యా వద్దు? ఇప్పుడేగా ఆగింది?"

"ఇక్కడ ఆగిందండి. కింద మొద్దు లాగేటప్పుడు మనిషి ఆయాసంతో గట్టిగా పీలుస్తాడు. అప్పుడు చిరిగితే డబ్బా అంతా నీళ్ళు. ఆ షట్టరు కింద నుంచి పైకి రావడానికి టైముండదు."

"చిరిగితే కదా? చిరుగుతుందని నీకెట్లా తెలుసు?"

"తెలీదండి. చిరగదని కూడా తెలీదు."

ఈలోపు జనం దగ్గరికొచ్చారు. ఒక పెద్దాయన, తెల్లటి మీసాలు, మోకాళ్ళదాకా బురద, అన్న చెయ్యి పట్టుకున్నాడు.

"నాయనా, నీకు దండం పెడతా. మళ్ళీ పోటు తిరిగేలోపు షట్టరు లేవకపోతే ఇంక గింజ దక్కదు. మా ఊరు ఊరంతా ఈ కాలవ మీదే ఉంది."

"అట్లాగేనండి" అన్నాడు అన్న.

నా వైపు తిరిగి, "అరగంట పని తమ్ముడూ. పంచరు సొల్యూషను పుయ్యి. బిగించెయ్" అన్నాడు.

"సొల్యూషను తడి మీద ఆగదన్నా. నీకు తెలుసు."

"ఆగినంతసేపు ఆగుద్ది."

ఇంజనీరు గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "చూడు, ఆయనే దిగుతానంటున్నాడు. నువ్వు బిగించు. బాధ్యత నాది."

ఆ మాట ఆయన నిజంగానే అన్నాడు. కానీ ఆ బిళ్ళ చిరిగితే బాధ్యత ఎవరిదైతే ఏం? నేను బిగించకపోతే ఎవరో ఒకరు బిగిస్తారు. బిగించడం అంత బ్రహ్మవిద్యేం కాదు, అన్న ఒక్కడే కూర్చున్నా బిగించుకోగలడు. చుట్టూ ఉన్న మొహాలు చూశాను. ఇంకో రెండు నిమిషాలు ఇలాగే నిలబడితే నేనే బిగించి ఇచ్చేస్తానని తెలిసిపోయింది. నా పెట్టెలో రేకు కోసే కత్తెర ఉంది. దాన్ని తీసి బిళ్ళను అడ్డంగా, నిలువుగా నాలుగు ముక్కలు చేసి జీపు అడుగున పడేశాను.

ముందు ఆ పెద్దాయనే నోరు తెరిచాడు.

"ఎంత పని చేశావయ్యా" అన్నాడు. తిట్టినట్టు కూడా లేదు.

తర్వాత చాలామంది తిట్టారు. ఒకతను నా చొక్కా పట్టుకున్నాడు, ఇంజనీరు గారే విడిపించారు. ఆ గొడవలో అన్న ఎటు పోయాడో చూడలేదు. చూసేసరికి చొక్కా విప్పి, నడుముకు తాడు కట్టుకుంటున్నాడు. నా మొహం వైపు చూడలేదు. తాడు కొస ఇద్దరు రైతుల చేతికి ఇచ్చి, మొద్దుకు చుట్టడానికి తెచ్చిన గొలుసు భుజాన వేసుకుని, ముక్కు చీదుకుని, గుండె నిండా గాలి పీల్చి ఒట్టి మనిషి దిగిపోయాడు. అన్నా అని అరిచాను. ఎవరికి వినపడుతుంది.

ఎన్నిసార్లు మునిగి లేచాడో లెక్క పెట్టలేదు. లేచినప్పుడల్లా తూము గోడ పట్టుకుని వగరుస్తూ, మళ్ళీ మునిగేవాడు. చివరికి గొలుసు తాటిమొద్దు చుట్టూ పడింది. పైకి లాగమని చెయ్యి ఊపాడు. కట్ట మీద ఉన్న జనమంతా గొలుసు పట్టుకున్నారు. నేనూ పట్టుకున్నాను, ఎవరూ వద్దనలేదు. మొద్దు కదిలింది. అన్నను తాడుతో గట్టుకు లాగేశాక షట్టరు ఎత్తితే నీళ్ళు హోరుమని పోయాయి. జనం కేకలు వేశారు. అతన్ని భుజాల మీద ఎత్తుకున్నారు. ఎడమ చెవిలోంచి రక్తం కారి మెడ మీద వాన నీళ్ళతో కలిసి పోతోంది. అతనికి తెలియలేదు.

చేలు చాలావరకు దక్కాయని తర్వాత విన్నాను.

గవర్నమెంటు సామాను కావాలని పాడుచేసినందుకు నా మీద విచారణ పెట్టారు. పెట్టక ఏం చేస్తారు. పీలిస్తే ఆగిందన్నది నిజం. ఇంజనీరు గారు ఉన్నదున్నట్టే చెప్పారు, ఎక్కువా లేదు, తక్కువా లేదు. అన్నను పిలిచి, ఆ బిళ్ళ పనికొచ్చేదా రానిదా అని అడిగారు. ఎడమ చెవికి దూది పెట్టుకుని నిలబడ్డాడు.

"ఆయన పనికిరాదంటే పనికిరాదండి. ఇన్నేళ్ళూ ఆయన మాట మీదే నీళ్ళలోకి దిగాను" అన్నాడు.

ఆ మాటతో నా ఉద్యోగం నిలిచింది. తెనాలి నుంచి రేపల్లె సెక్షన్‌కు, పంపుల దగ్గరికి బదిలీ చేశారు. బయటికి వచ్చాక వరండాలో అతని కోసం నిలబడి, రాగానే అన్నా అని పిలిచాను. అతను నా పక్కగానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వినపడలేదేమో అనుకున్నాను. కుడి చెవి బాగానే ఉందని తర్వాత తెలిసింది.

ఎడమ చెవి మాత్రం మళ్ళీ రాలేదు. జలుబుతో దిగాడు కాబట్టి సెట్టు పెట్టుకుని దిగినా చెవి పోయుండేదేమో అన్నారు డాక్టరు గారు. 'ఏమో' అన్న మాటను నేను ఎంత నమిలినా అరగలేదు. డైవరు పనికి పనికిరాడని రాసి, అతన్ని బాపట్ల వైపు ఒక కాలవ లాకుల దగ్గర లస్కరుగా వేశారు. షట్టర్లు ఎత్తడం, దించడం. డబ్బా తెనాలి స్టోర్‌లోకి పోయింది. కొత్త బిళ్ళ తెప్పిద్దామన్నవాళ్ళు లేరు. దిగేవాడు లేనప్పుడు ఎందుకు.

ఆ తర్వాత పనుల మీద బాపట్ల వెళ్ళినప్పుడల్లా లాకుల దగ్గర ఆగేవాణ్ణి. అతను పొమ్మనేవాడు కాదు. గట్టు మీద సిమెంటు దిమ్మె మీద కూర్చునేవాళ్ళం. ఎప్పుడు వెళ్ళినా నా కుడివైపే కూర్చునేవాడు. పోయిన చెవి నా వైపు ఉండేలా. నేనేదో మాట్లాడేవాణ్ణి. అతను నీళ్ళు చూసేవాడు. అలా కొన్నేళ్ళు. ఎందుకు వెళ్తారని మా ఆవిడ అడిగేది.

ఒకసారి అతని భార్య కాఫీ ఇస్తూ, "ఆయనకు మీ మీద కోపం లేదండి" అంది. "మీ గురించి ఇంట్లో చెబుతూనే ఉంటారు. మీ ఎదురుగా నోరు పెగలదు."

డెబ్బైలు అయిపోవస్తుండగా, అతని రిటైర్‌మెంటు దగ్గరపడిన రోజుల్లో మళ్ళీ వెళ్ళాను. ఆ రోజు నాక్కూడా ఒంట్లో ఓపిక లేదు. పంపుల చప్పుడులో పగలంతా గడిపి వచ్చాను. మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు. ఊరికే కూర్చున్నాను. చాలాసేపటికి అతను లేచాడు. షట్టరు దగ్గరికి వెళుతున్నాడనుకున్నాను. నా వెనక నుంచి చుట్టూ తిరిగి వచ్చి ఎడమవైపు కూర్చున్నాడు.

"అటు వినపడదు. ఇప్పుడు చెప్పు" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు అతనే అన్నాడు.

"నువ్వు కత్తెర తీసేటప్పటికి నేనూ వద్దందామనే అనుకుంటున్నా తమ్ముడూ. ఆ పెద్దాయన చెయ్యి వదల్లేదు. నోట్లోంచి మాట రావట్లా. ఇంకొక్క నిమిషం ఆగితే అనేవాణ్ణేమో."

"అనేవాడివా?"

"ఏమో. అననిచ్చావా నువ్వు?" గొంతులో కోపం లేదు. "నువ్వు కోసి పారేశావు. నేను భయపడితే నువ్వు అడ్డం పడ్డావనుకుంటారు వీళ్ళంతా అనిపించింది. అందుకని దిగా. చేల కోసం కాదు. ఇన్నేళ్ళూ చేల కోసమే దిగానని నన్ను పొగిడారు. దాన్ని కాదనడానికీ నోరు రాలా."

నేనతని ప్రాణం కాపాడానని లోపల్లోపల నమ్ముకుని బతుకుతున్నాను. అతన్ని నీళ్ళలోకి తోసింది నా కత్తెరేనని ఆ సాయంత్రం తెలిసింది. అయినా ఆ బిళ్ళను మళ్ళీ నా చేతిలో పెడితే ఏం చేసేవాణ్ణో, ఆలోచిస్తే, అదే చేసేవాణ్ణి. ఇంకో దారి ఈ వయసు వచ్చినా తట్టలేదు. మీలో ఎవరికైనా తడితే మంచిదే.

"ఆ రెండో బిళ్ళ ఆగేదంటావా అన్నా?" అని అడిగాను. అన్నేళ్ళుగా అడగాలనుకున్నది అదొక్కటే.

అతను కాలవ వైపు తిరిగాడు.

"ఆగేది కాదులే" అన్నాడు.

అతనికి తెలిసే దారి లేదు. బిళ్ళను వేళ్ళతో సాగదీసి చూసిన నాకే తెలియదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. అయినా నేను ఆ మాట తీసుకున్నాను.

ఎగువ నుంచి నీళ్ళు వచ్చే వేళయింది. "పద, షట్టరెత్తాలి" అంటూ మోకాళ్ళ మీద చేతులు వేసి లేచాడు. అతనొక పక్క, నేనొక పక్క ఇనుప చక్రం పట్టుకుని తిప్పాం. తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. సగానికే ఇద్దరికీ ఆయాసం వచ్చింది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ తిప్పాం.